భాద్రపదం ‘బాధ్రపదం’ అయిన రాత్రి: ఒక అక్షరదోషాల బాట్ కేస్ స్టడీ

ఉదయం ఆరున్నరకు మాస్టారు ఫోన్ చేశారు. ఆయన తెలుగు పండితులుగా రిటైరై తెనాలిలో ఉంటున్నారు. మేం ఎక్కించే పాత పుస్తకాల ప్రూఫులు ఎక్కువగా చూసేది ఆయనే.

“నాయనా, వినాయక వ్రతకల్పం పేజీ తెరిచాను. ‘భాద్రపద శుద్ధ చవితి’ అని ఉండాల్సిన చోట ‘బాధ్రపద’ అని ఉంది. నిన్న సాయంత్రం నేను అక్షరం అక్షరం చూసి పెట్టిన పేజీ అది. రాత్రికి రాత్రి ఎవరు మార్చారు?”

మార్చింది నా బాట్, అంటే పేజీలను తానే తెరిచి దిద్దే చిన్న ప్రోగ్రామ్. అంతకుముందు రాత్రి 11 గంటలకు దాన్ని నడిపించి పడుకున్నాను. లేచేసరికి 1,870 పేజీల్లో మార్పులు చేసింది. ఆ రాత్రి ఏం జరిగిందో, ఎందుకు జరిగిందో, తర్వాత ఏం మార్చామో పూర్తిగా రాసిపెడుతున్నాను. తెలుగు పాఠం మీద పనిచేసే బాట్ రాసే ఎవరికైనా ఇదే గుంట ఎదురవుతుంది. గుంట మన కోడ్‌లో కనిపించదు, ప్రోగ్రామింగ్ భాష మన అక్షరాలను చూసే తీరులో ఉంటుంది.

మాది చిన్న స్వచ్ఛంద బృందం. కాపీరైటు తీరిన పుస్తకాలను, రచయితలు అనుమతిచ్చిన వ్యాసాలను వెతకడానికి వీలయ్యే అక్షరరూపంలో పెడతాం. సైట్ వికీపీడియా వాడే మీడియావికీ సాఫ్ట్‌వేర్ మీదే నడుస్తుంది. పాఠం మూడు దారుల్లో వస్తుంది: కొంత మనుషులు టైపు చేసింది, కొంత స్కాన్ చేసిన పేజీల నుంచి ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాలను చదివే సాఫ్ట్‌వేర్) తీసింది, కొంత డీటీపీ వాళ్ళ పాత ఫాంట్లలోంచి అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే యూనికోడ్‌లోకి మార్చింది. ఏ దారిలో వచ్చే తప్పులు ఆ దారివే. టైపు చేసేవాళ్ళు ఒత్తుల దగ్గర పొరబడతారు, ‘బాధ’ను ‘భాద’ అనీ ‘కథ’ను ‘కధ’ అనీ రాస్తారు. ఓసీఆర్‌కు ‘మ’కూ ‘వు’కూ, ‘ష’కూ ‘ప’కూ తేడా తెలియదు. ఫాంటు మార్పిడిలో గుణింతపు గుర్తులు చెల్లాచెదురవుతాయి.

మాస్టారి కంటికి శుక్లాల ఆపరేషన్ అయింది. ఒకే ‘భాద’ను వందసార్లు దిద్దే పని ఆయనకు తప్పించాలని నా ఆలోచన. పైథాన్‌లో వికీ బాట్ల కోసం సిద్ధంగా దొరికే పైవికీబాట్ లైబ్రరీ వాడి చిన్న బాట్ రాశాను. ఒక పట్టికలో 64 జతలు పెట్టాను: ఎడమవైపు తప్పు, కుడివైపు ఒప్పు. భాద ఉంటే బాధ. మద్య ఉంటే మధ్య. అర్ధం ఉంటే అర్థం. ఉధ్యోగం ఉంటే ఉద్యోగం. పదం మధ్యలో ఎక్కడో కనిపించే అక్షరాలను మార్చకుండా, పూర్తి పదాన్ని మాత్రమే మార్చమని, ఏం వెతకాలో చెప్పే సూత్రమైన రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌లో రెండు పక్కలా పదసరిహద్దు గుర్తు, అంటే బ్యాక్‌స్లాష్ బి, పెట్టాను. ఇంగ్లీషు పాఠం మీద ఎన్నోసార్లు వాడిన పద్ధతే.

నడిపే ముందు 50 పేజీల మీద పరీక్షించాను. సేవ్ చేయకుండా, ఏం మారుస్తుందో మాత్రం తెరమీద చూపించమన్నాను. ‘భాద్యత’ను ‘బాధ్యత’ చేసింది. ‘భాదించిన’ను ‘బాధించిన’ చేసింది. ‘మద్యాహ్నం’ను ‘మధ్యాహ్నం’ చేసింది. 50 పేజీల్లో ఒక్క తప్పు మార్పు కూడా లేదు.

అక్కడే ఆగి ఒక ప్రశ్న వేసుకుని ఉండాల్సింది. నేను రాసిన నియమం ‘భాద’ అనే పూర్తి పదానికి. మరి ‘భాద్యత’ ఎలా మారింది? నియమంలో దాని ఊసే లేదు కదా. ఫలితం సరిగ్గా ఉంది కాబట్టి కారణం అడగలేదు. పరీక్షకు తీసుకున్న 50 పేజీలూ ఈ కాలపు వ్యాసాలే. పంచాంగం లేదు, వ్రతకల్పం లేదు, చరిత్ర వ్యాసం లేదు.

మాస్టారి ఫోన్ తర్వాత ముందు బాట్‌ను ఆపాను. రెండు మార్పుల మధ్య 10 సెకన్ల విరామం పెట్టడం ఆ రాత్రి చేసిన మంచి పని. అది లేకపోతే సైట్ మొత్తం చుట్టేసేది. తర్వాత మార్పుల చిట్టా తీసి, ఏ పదం ఏ పదంగా మారిందో లెక్క వేయించాను. ఆ లెక్కలో కనిపించినవి ఇవి: భాద్రపదం బాధ్రపదమైంది. నక్షత్రాల పట్టికల్లో ఉత్తరాభాద్ర ‘ఉత్తరాబాధ్ర’ అయింది, పూర్వాభాద్రకూ అదే గతి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు మొదలుపెట్టిన సారా వ్యతిరేక పోరాటం మీద ఒక మంచి వ్యాసం ఉంది మా దగ్గర. అందులో మద్యం ప్రతిచోటా ‘మధ్యం’ అయింది. 1995 నాటి సంపూర్ణ మద్య నిషేధం ‘సంపూర్ణ మధ్య నిషేధం’ అయి కూర్చుంది. ఆ వ్యాసం చదివినప్పుడు నాకు నిజంగా బాధేసింది. ఎవరో కష్టపడి ఊళ్ళు తిరిగి రాసిన పాఠం అది.

చిట్టాలో ఇంకో వింత కూడా ఉంది. 64 నియమాల్లో 41 దాదాపు పనే చేయలేదు. ‘ఉధ్యోగం’ విడిగా ఉన్న చోట్లన్నీ అలాగే ఉన్నాయి. ‘అర్ధం’ అని విడిగా ఉన్నదీ కదల్లేదు, ‘అర్ధంకాలేదు’ అని కలిపి రాసిన చోట మాత్రం మారింది. అంటే నేను కోరినదానికి సరిగ్గా తలకిందులు. పూర్తి పదం మారలేదు, పదంలో ముక్క మారింది.

అప్పుడు పేజీలన్నీ పక్కన పెట్టి ఒక్క పదంతో మొదలుపెట్టాను. ‘తల’ అనే పూర్తి పదాన్ని వెతకమని చెప్పి, ‘తలుపు’ అనే మాట ఇచ్చాను. దొరికిందంది. ‘తలకాయ’ ఇచ్చాను. దొరకలేదంది. ఆ రెండు జవాబులు పక్కపక్కన చూశాక విషయం తెలిసింది.

యూనికోడ్‌లో ప్రతి గుర్తుకూ ఒక వర్గం ఉంటుంది. అ, క, ల లాంటివి అక్షరాలు. దీర్ఘం, గుడి, కొమ్ము, ఏత్వం, పొల్లు, సున్న, విసర్గ అక్షరాల వర్గంలో ఉండవు. అక్షరానికి అంటుకునే గుర్తులుగా వేరే వర్గంలో ఉంటాయి. పైథాన్‌తో పాటు వచ్చే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ మాడ్యూల్ ‘పదంలో భాగం’ అని దేన్ని అనుకుంటుందంటే, అక్షరాన్ని, అంకెను, అండర్‌స్కోర్‌ను మాత్రమే. గుణింతపు గుర్తు దాని దృష్టిలో పదంలో భాగం కాదు, కామా, ఖాళీ ఎలాంటివో ఇదీ అలాంటిదే. కాబట్టి ‘తలుపు’ను అది మనం చదివినట్టు ఒక పదంగా చూడదు. త, ల కలిసి ఒక పదం, కొమ్ము దగ్గర పదం ముగిసింది, ప ఇంకో పదం, మళ్ళీ కొమ్ము దగ్గర ముగిసింది. ‘తలకాయ’లో ల తర్వాత క వచ్చింది, క అక్షరమే కాబట్టి అక్కడ సరిహద్దు లేదు.

తలకట్టుకు యూనికోడ్‌లో విడిగా గుర్తు లేదు. ‘భాద’, ‘మద్య’, ‘కధ’ లాంటి తలకట్టుతో ముగిసే మాటలు యంత్రానికి అక్షరంతో ముగుస్తాయి. వాటి తర్వాత ఏ గుడో, పొల్లో, సున్నో వస్తే, ‘ఇక్కడ పదం అయిపోయింది’ అనుకుంటుంది. భాద్రపదంలో ద తర్వాత పొల్లు ఉంది. అక్కడ సరిహద్దు. మద్యంలో య తర్వాత సున్న ఉంది. అక్కడ సరిహద్దు. ఉత్తరాభాద్రలో ‘రా’కు ఉన్న దీర్ఘం పక్కన భ వచ్చింది, కాబట్టి ముందువైపు కూడా సరిహద్దే. నా 64 నియమాల్లో ఇలా తలకట్టుతో ముగిసేవి 23.

మిగిలిన 41 సున్నతోనో, గుణింతంతోనో, పొల్లుతోనో ముగిసేవి. ‘అర్ధం’ చివర సున్న ఉంది. దాని పక్కన ఖాళీ ఉంటే, రెండూ ‘పదంలో భాగం కానివి’ అయ్యాయి. రెండు పదం కానివాటి మధ్య సరిహద్దు ఉండదు. కాబట్టి నియమం పట్టదు. ‘అర్ధంకాలేదు’లో సున్న పక్కన క వచ్చింది, సరిహద్దు దొరికింది, నియమం పట్టింది.

ఇప్పుడు ఆ 50 పేజీల పరీక్ష మళ్ళీ చూడండి. భాద్యత, భాదించిన, మద్యాహ్నం మూడూ ఈ లోపం వల్లే మారాయి. మూడూ కాకతాళీయంగా నిజమైన తప్పులే అయ్యాయి. అదే పేజీల్లో ‘భాదలు’, ‘భాదగా’ అలాగే మిగిలిపోయాయని తర్వాత చూశాను. మార్చినవాటినే చూశాను గానీ, మార్చాల్సి ఉండీ మార్చనివాటిని చూడలేదు.

ఈ ఇబ్బంది పైథాన్ ఒక్కదానిది కాదు. జావాస్క్రిప్ట్‌లో పదమంటే ఇంగ్లీషు అక్షరాలు, మామూలు అంకెలు, అండర్‌స్కోర్, అంతే. తెలుగు అక్షరం కూడా లెక్కలోకి రాదు. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ల గురించి యూనికోడ్ ఇచ్చిన మార్గదర్శకంలో మాత్రం గుర్తులను పదంలో భాగంగానే చూడాలని ఉంది. పైథాన్‌కు విడిగా దొరికే ‘రెజెక్స్’ మాడ్యూల్ దాన్ని పాటిస్తుంది. హిందీ, తమిళం, కన్నడం, మలయాళం మీద పనిచేసేవాళ్ళందరికీ ఇదే గొడవ.

కారణం దొరికాక, పాడైనదాన్ని ఎలా బాగుచేయాలన్న చర్చ వచ్చింది. తిరగేసి మార్చేద్దాం అన్నది మొదటి ఆలోచన. భాద్రపదం విషయంలో అది కుదురుతుంది. ‘బాధ్ర’ అన్న వరసతో సరైన తెలుగు మాట ఏదీ లేదని మాస్టారు తేల్చారు, కాబట్టి దొరికిన ప్రతి ‘బాధ్ర’నూ ‘భాద్ర’ చేయొచ్చు. మద్యం దగ్గర కుదరదు. బాట్ ‘మద్య’ను ‘మధ్య’ చేశాక, ఆ పేజీలో మొదటినుంచీ ఉన్న అసలైన ‘మధ్య’లతో అవి కలిసిపోయాయి. ‘ఊరి మధ్య మధ్య దుకాణం’ అన్న వాక్యంలో రెండో ‘మధ్య’ ఒకప్పుడు మద్యమని మనిషికి తెలుస్తుంది, యంత్రానికి తెలియదు. వికీ దాచి ఉంచే పాత కూర్పు ఒక్కటే దారి.

కాబట్టి ఆ రాత్రి మార్పులన్నీ వెనక్కి తీసుకుందామన్నాను. హైదరాబాద్‌లో ఉండే మా సభ్యురాలు ఒప్పుకోలేదు. “అన్నా, తప్పు పేజీలు మూడొందలు కూడా లేవు. మిగతా పేజీల్లో మంచి దిద్దుబాట్లున్నాయి. అవి కూడా పోవాలా?” ఆమె లెక్క సరైనదే, తప్పుగా మారిన పేజీలు 291. కానీ ఆ 291 అన్నది మేం వెతికి పట్టుకున్నవి. వెతకడానికి తోచనివి ఎన్నున్నాయో చెప్పలేం. పాఠం చదివేవాళ్ళు ‘ఇది పుస్తకంలో ఉన్నదే’ అని నమ్మి చదువుతారు. మంచి దిద్దుబాటు రేపైనా చేసుకోవచ్చు. చివరికి ఆమే వెనక్కి తిప్పే స్క్రిప్టు రాసింది.

ప్రతి మార్పు సారాంశంలోనూ ఆ రాత్రి పరుగు సంఖ్య (బాట్‌ను నడిపిన ఒక్కోసారికి ఇచ్చే నంబరు) రాయించడం పనికొచ్చింది. ఏ పేజీలో చివరి మార్పు బాట్‌దో, ఆ పేజీలు స్క్రిప్టుతో పాత కూర్పుకు వెళ్ళాయి. బాట్ తర్వాత మనుషులు చేయిపెట్టిన పేజీలు 46 ఉన్నాయి. వాటిని ఒక్కొక్కటీ తెరిచి చేత్తో సరిచేశాం. రెండు సాయంత్రాలు పట్టింది.

కొత్త బాట్‌లో ముందు పదసరిహద్దును మేమే నిర్వచించుకున్నాం. యూనికోడ్‌లో తెలుగుకు 128 స్థానాలున్న ఒక వరస ఉంది. వెతికే మాటకు ముందు గానీ తర్వాత గానీ ఆ వరసలోని ఏ గుర్తు ఉన్నా, అక్షరమైనా గుణింతమైనా పొల్లైనా, అది పదం అంచు కాదు. దానికి తోడు కంటికి కనిపించని రెండు గుర్తులను, అక్షరాలను కలిపేదాన్నీ విడదీసేదాన్నీ, కూడా చేర్చాం.

ఆ కనిపించని గుర్తుల్లో ఒకటి జీరో విడ్త్ నాన్ జాయినర్, మా బృందంలో ‘విడదీసే గుర్తు’ అంటాం. ‘సాఫ్ట్‌వేర్’ అని సరిగ్గా కనిపించాలంటే ట పొల్లు తర్వాత అది ఉండాలి. లేకపోతే వ వెళ్ళి ట కింద ఒత్తుగా చేరి ‘సాఫ్ట్వేర్’ అవుతుంది. నా పాత బాట్‌లో కనిపించని గుర్తులన్నీ తుడిచేసే ఒక కోడ్ వరస ఉండేది. అదృష్టం కొద్దీ ఆ రాత్రి దాన్ని ఆపి ఉంచాను. ఇప్పుడు ఆ వరసనే తీసేశాను. ఖాళీల పక్కన వృథాగా పడి ఉన్నవాటిని మాత్రం తీస్తాం, పదం లోపల ఉన్నవాటి జోలికి పోం.

ఐత్వానిది ఇంకో రకం సంగతి. ‘మైదానం’లో ఐత్వాన్ని ఒకే గుర్తుగా రాయొచ్చు, ఎత్వం పక్కన ఐత్వపు తోక పెట్టి రెండు గుర్తులుగానూ రాయొచ్చు. తెరమీద రెండూ ఒకటే. వెతుకులాటలో వేర్వేరు. దీనికి యూనికోడ్ వాళ్ళే ఒక ఏకరూప పద్ధతి ఇచ్చారు, పైథాన్‌లో ఒక్క పిలుపుతో అయిపోతుంది. దాన్ని అన్నిటికంటే ముందు నడుపుతున్నాం.

సున్న మాత్రం మమ్మల్ని వారం రోజులు కూర్చోబెట్టింది. తెలుగు అంకె ౦, అక్షరం పక్కన పెట్టే ం చూడ్డానికి దాదాపు ఒకటే. కొన్ని పాఠాల్లో ‘అ౦దరు’ అని సున్నకు బదులు అంకె ఉంది. కంటికి తేడా తెలియదు గానీ, ‘అందరు’ అని వెతికితే ఆ పేజీ దొరకదు. రెండు తెలుగు అక్షరాల మధ్య అంకె వస్తే సున్న చేయమన్నాం. సరిపోతుందనిపించింది. మాస్టారు ఒక పాత పుస్తకంలోంచి ‘౧౯౩౦లో’ అన్న మాట తెచ్చి పెట్టారు. అంకెలు కూడా ఆ 128 స్థానాల్లోనే ఉన్నాయి కాబట్టి మా నియమం 1930ని చెడగొడుతుంది. ముందున్నది తెలుగు అంకె అయితే ముట్టకూడదని చేర్చాం. ఇలాంటివి కూర్చుని ఆలోచిస్తే తట్టవు, ఎన్నో పాత పుస్తకాలు చదివిన మనిషికి తడతాయి.

తెలుగులో సరిహద్దు సరిచేసుకున్నంత మాత్రాన పని అవదు. మన మాటకు విభక్తులు, ప్రత్యయాలు, క్రియలు అన్నీ అతుక్కుంటాయి. ‘భాద’ ఒక్కటే దిద్దితే భాదలు, భాదగా, భాదపడ్డాడు, భాదితులు మిగిలిపోతాయి. మొదలు మాత్రం పట్టుకుని మార్చితే మళ్ళీ భాద్రపదం దగ్గరికే వస్తాం. అందుకని నియమాలు మానేసి పూర్తి రూపాల జాబితాకు మారాం. మా పాఠాలన్నిటిలోంచి ‘భాద’ ఉన్న ప్రతి మాటనూ అది ఎన్నిసార్లు వచ్చిందో లెక్కతో సహా తీసి, మాస్టారికి అచ్చు తీసి పంపాం. ఆయన పెన్సిల్‌తో మూడు రకాలుగా గుర్తు పెట్టారు: ఖాయంగా తప్పు, ఖాయంగా ఒప్పు, వాక్యం చూడాలి.

భాదితులు మొదటిదాంట్లోకి, భాద్రపదం రెండోదాంట్లోకి వెళ్ళాయి. ‘మద్య’ ఉన్న మాటల్లో ‘మద్యాహ్నం’ తప్ప చాలావరకు మూడోదాంట్లోకే. ‘అర్ధం’ దగ్గర ఆయన ఎక్కువసేపు ఆగారు. అర్ధమంటే సగం, అర్థమంటే భావం, ధనం. ‘అర్ధమయింది’ తప్పు. అర్ధాంగి, అర్ధరాత్రి, అర్ధనారీశ్వరుడు ఒప్పు. చాలామంది రాసే ‘అర్థరాత్రి’ తప్పు, దాన్ని వెనక్కి తిప్పాలి. విడిగా ఉన్న ‘అర్ధం’ వాక్యం చూస్తేగాని తేలదు. ఇంకో పట్టిక ఆయనే స్వయంగా అడిగి రాశారు: పాత పుస్తకాల్లో తప్పులా కనిపించే ఒప్పులు. వ్రాసెను, క్రొత్త, అరసున్నతో వాఁడు, బండి ఱతో ఉన్న మాటలన్నీ. “మన కాలపు రాతను వాళ్ళ పుస్తకంలోకి ఎక్కించకూడదు నాయనా” అన్నారు.

ఆ రెండు ఒప్పు పట్టికలూ కలిపి 340 మాటలయ్యాయి. బాట్ ప్రతిసారీ మొదలయ్యే ముందు వాటన్నిటినీ తనమీద తాను నడుపుకుంటుంది. ఒక్క మాట మారినా ఆ రోజు పని మొదలవదు. రోజుకు వంద మార్పులు దాటదు, నిన్నటి వందనూ ఎవరో ఒకరు చదివి సంతకం పెడితేనే ఇవాళ్టిది కదులుతుంది. వాక్యం చూడాల్సినవాటిని బాట్ మార్చదు, వాక్యంతో సహా ఒక పేజీలో వరసగా పెడుతుంది, మనుషులు దిద్దుతారు. సైట్‌లో ఒక ఆపే పేజీ కూడా ఉంది. ఏ సభ్యుడైనా అందులో ఒక ముక్క రాస్తే, తర్వాతి మార్పుకు ముందే బాట్ ఆగిపోతుంది. మాస్టారికి కోడ్ రాదు, ఆ పేజీ మాత్రం ఆయన ఫోన్‌లో మొదటి బుక్‌మార్క్.

కొత్త బాట్ మొదటి వందా మేం నలుగురం విడివిడిగా చదివాం. 99 సరిగ్గా ఉన్నాయి. మిగిలిన ఒక్కటీ మాస్టారే పట్టుకున్నారు, ఆపే పేజీలో ‘ఆగు’ అని రాసి ఫోన్ చేశారు. ఒక కథలో ఊరికి దూరంగా హాస్టల్లో ఉన్న పిల్లవాడు అమ్మకు ఉత్తరం రాస్తాడు. ‘నాకు ఇక్కడ చాలా భాదగా ఉంది’ అని. రచయిత కావాలని అలా రాశారు, పిల్లవాడి చేతిరాత తప్పులతో సహా. బాట్ దాన్ని ‘బాధగా’ అని దిద్దింది.

అసలు పుస్తకం తీసి ఆ పేజీ చూశాం, అచ్చులో ‘భాదగా’ అనే ఉంది. వెనక్కి తిప్పి, ఆ ఉత్తరం చుట్టూ ‘మూలంలో ఇలాగే’ అనే మూస (వికీ టెంప్లేట్) పెట్టాం. ఆ మూస లోపల ఉన్నదేదీ ముట్టకూడదని బాట్‌లో రెండు వరసలు చేర్చాను. ఇలాంటి ఉత్తరాలు, యాస మాటలు, నాటకాల్లో పలుకుబళ్ళు ఇంకెన్ని పేజీల్లో ఉన్నాయో చూసే పని మాస్టారూ, హైదరాబాద్ అమ్మాయీ పంచుకున్నారు. కథల విభాగం అయ్యేదాకా బాట్ వ్యాసాల మీదే నడుస్తోంది.